ఊరేగింపు ఎక్కడ ఆగుతుంది?

(జనగామలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచూసిన పాఠం.)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆయన పేరు నేను చెప్పను. చెప్పొద్దన్నది ఆయన మాటే. పోయేముందు పిల్లలను పిలిచి, "నా యాదికి ఏమన్న చెయ్యుండ్రి గని, పేరు మాత్రం పెట్టకుండ్రి" అన్నాడట. యాదికి చెయ్యాలె, పేరు పెట్టొద్దు. ఇదెట్లా కుదురుతుందని వాళ్లు నన్నడిగారు. నాకైతే అందులో చిక్కేమీ కనబడలేదు. ఇదే ఊళ్లో నలభై ఏండ్లు బట్టల దుకాణం నడిపిన మనిషి ఆయన. పండుగ ఖర్చు మీద ఎవరి పేరు పడితే ఏమవుతుందో గల్లా పక్కన కూర్చుని చూసినవాడు. అందుకే ఈ రోజు వేదిక వెనక గుడ్డ ఖాళీగా ఉంది. ఫ్లెక్సీ కొట్టే అబ్బాయి ఇంట్లోవాళ్లకు రెండుసార్లు ఫోన్ చేసి "పేరు పంపలేదు సార్" అని గుర్తుచేశాడట.

ఆయన గౌరవార్థం నేను తీసుకున్న విషయం ఊరేగింపుల లెక్క. ఊరేగింపంటే దేవుడో, పూలో, బొమ్మలో వీధిలో నడిచిపోవడమే కదా, అందులో అర్థశాస్త్రం ఏముందని మీకు అనిపించవచ్చు. ఊరేగింపుకు టికెట్ ఉండదు. చూసినందుకు డబ్బియ్యమని ఎవరినీ అడగలేం, ఇవ్వనివాడిని కళ్లు మూసుకొమ్మనీ అనలేం. ఓడలకు దారి చూపే దీపస్తంభం గురించి ఆర్థికవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. దాని వెలుగు అందరిదీ, ఖర్చు ఎవరిదని. రోనాల్డ్ కోస్ 1974లో ఆ దీపస్తంభం మీదనే పెద్ద వ్యాసం రాశాడు. బ్రిటన్‌లో ఓడరేవుకు చేరిన ఓడల దగ్గర రుసుము వసూలు చేసి దీపాల ఖర్చు రాబట్టుకున్న తీరు చూపించాడు. అంటే వెలుగు దగ్గర అడగలేని పైసలు రేవు దగ్గర అడిగారు. ఊరేగింపూ అంతే. అది నడిచేటప్పుడు కాదు, ఆగే చోట చూడాలి. ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో చూస్తే ఎవరి ఖర్చో తెలిసిపోతుంది.

ఈ మాటకు ప్రపంచంలో ఉన్నంతలో తేటైన ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. అక్కడ మేసీస్ అనే పెద్ద దుకాణం 1924 నవంబర్ 27న, వాళ్ల థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు, ఊరేగింపు తీసింది. మొదటి ఏడు దాని పేరు క్రిస్మస్ పరేడ్. పండుగేమో పంటకు కృతజ్ఞత చెప్పేది, పేరేమో నెల తర్వాత వచ్చే ఇంకో పండుగది! ఆ రెంటి మధ్య నెల రోజులే ఆ దుకాణానికి అసలు గిరాకీ కాలం. హార్లెంలో 145వ వీధి దగ్గర బయలుదేరి దాదాపు పది కిలోమీటర్లు నడిచి 34వ వీధిలో దుకాణం ముందుకొచ్చి ఆగింది. నడిచినవాళ్లు ఆ దుకాణం నౌకర్లే. సెంట్రల్ పార్క్ జూ నుంచి ఏనుగులనూ ఒంటెలనూ తెచ్చారు. చివర్లో శాంటాక్లాజ్ దుకాణం ముందు సింహాసనమెక్కాడు, కొత్తగా అలంకరించిన అద్దాల కిటికీల మీది తెర తొలగించారు. పది కిలోమీటర్లు పిల్లలను వెంట నడిపించుకొచ్చి, అంగడి కిటికీ ముందు నిలబెట్టారన్నమాట.

1927లో జంతువుల స్థానంలో పెద్ద పెద్ద గాలిబొమ్మలు వచ్చాయి. కొన్నేళ్లు ఊరేగింపు అయిపోగానే వాటిని ఆకాశంలోకి వదిలేసి, పట్టి తెచ్చినవాళ్లకు బహుమానమిచ్చేవాళ్లు. బొమ్మ ఏ ఊళ్లో పడితే ఆ ఊరి పేపర్లో దుకాణం పేరు. రెండో ప్రపంచయుద్ధంలో రబ్బరుకు కరువొచ్చి 1942 నుంచి 1944 దాకా ఊరేగింపు ఆపేశారు, బొమ్మల రబ్బరు దాదాపు 300 కిలోలు యుద్ధానికిచ్చారు. తర్వాత టీవీ వచ్చింది. ఇప్పుడు వీధిలో చూసేవాళ్ల కంటే ఇంట్లో చూసేవాళ్లు ఎన్నో రెట్లు. 2024లో 3 కోట్ల మందికి పైగా తెర మీద చూశారు. దారి కూడా నాలుగు కిలోమీటర్లకు కుదించారు. అయితే అప్పుడూ ఇప్పుడూ ఒకటి మారలేదు. ఆగేది దుకాణం దగ్గరే.

ఇక్కడ ఒక్క మాట పక్కకు పోయి చెప్తాను. 1939లో నవంబర్‌కు అయిదు గురువారాలు పడ్డాయి. ఆనవాయితీ ప్రకారం చివరి గురువారం పండుగ చేస్తే నెలాఖరు 30వ తేదీ అవుతుంది, క్రిస్మస్ కొనుగోళ్లకు రోజులు తగ్గుతాయి. పెద్ద దుకాణాల సేట్లు మొరపెట్టుకుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగనే వారం ముందుకు, 23కు జరిపేశాడు. సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు. దేశంలో రెండు రోజులు రెండు పండుగలు జరిగాయి. చివరికి 1941లో నాలుగో గురువారమని చట్టం చేసి ముగించారు. సద్దుల బతుకమ్మ ఈ రోజా, రేపా అని పంతుళ్లు రెండు మాటలంటే మనం విసుక్కుంటాం. మన పంచాంగం తగాదా తిథి గురించి, వాళ్లది గల్లాపెట్టె గురించి. అంతే తేడా.

దుకాణం పెట్టే ఖర్చుతో ఊరేగింపు నడిస్తే దుకాణం మునిగిన రోజు ఏమవుతుంది? మేసీస్ 1992 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ ఏడూ ఊరేగింపు ఆగలేదు. అప్పులవాళ్లు కూడా దాన్ని ఆస్తిగానే చూశారు గాని ఖర్చుగా చూడలేదనుకోవాలి. కెనడాలో టొరంటో కథ ఇంకా ముందుది. అక్కడ ఈటన్స్ అనే దుకాణం 1905లోనే శాంటాక్లాజ్ ఊరేగింపు మొదలుపెట్టింది. డెబ్బయ్యేడేళ్లు మోసి 1982లో ఇక మావల్ల కాదంది. ఊరి వ్యాపారులు, మరికొందరు కలిసి ఎత్తుకున్నారు. ఈటన్స్ 1999లో మూతపడింది. ఊరేగింపు ఇంకా నడుస్తోంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాను.

ఇక మన తొవ్వకొద్దాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మూడూ ఒకప్పటి వరంగల్ జిల్లా ముక్కలే. మూడింటిలోనూ దసరా బజారు నడుస్తుంది, పైసలు వచ్చే దారి మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. భూపాలపల్లిలో పండుగకు బొగ్గు పైసలుంటాయి. సింగరేణి ఏటా దసరాకు ముందు లాభాల్లో వాటా పంచుతుంది. 2024లో 33 శాతం కింద 796 కోట్లు, 2025లో 34 శాతం కింద 819 కోట్లు. అంటే పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 95 వేల దాకా. కాంట్రాక్ట్ కార్మికులకు 2024లోనే మొదటిసారి ఇచ్చారు, తలా 5 వేలు. మరుసటి ఏడు 5,500. ఒకే బాయిలో ఒకే షిఫ్టు చేసి వచ్చిన ఇద్దరి ఇండ్లల్లో దసరా ఎంత వేరుగా ఉంటుందో ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆ వాటా ఖాతాలో పడ్డ వారంలో భూపాలపల్లిలో బంగారం దుకాణాల ముందు, బైకుల షోరూంల ముందు చూడండి. అక్కడి పండుగకు అసలు స్పాన్సర్ సింగరేణి. తోరణాల మీద మాత్రం వేరే పేర్లుంటాయి.

జనగామ, మహబూబాబాద్‌లలో అట్లా కాదు. దసరా వచ్చేసరికి పత్తి అప్పుడప్పుడే పగులుతుంటుంది. తొలి ఏరుడు ఇంటికి రాదు. వరి పొట్ట మీదనో, గింజ మీదనో ఉంటుంది. కొనుగోలు కేంద్రాలు తెరుచుకునేది ఆ తర్వాతే. మిర్చి సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని పైసలు మాఘం దాటితే గాని రావు. అంటే ఏడాదిలో అతి పెద్ద కొనుగోలు పండుగ, రైతు చేతిలో రూపాయి లేని రోజుల్లో వస్తుంది. న్యూయార్క్‌వాళ్ల పండుగ కోతలయ్యాక వస్తుంది. మనది కోతలకు ముందే. అందుకని ఇక్కడ దసరాను నడిపింది ఊరేగింపు కాదు, ఉద్దెర.

ఈ సభ ఎవరి యాదికో ఆయన దుకాణంలో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పద్దు పుస్తకాలుండేవి. చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని పోయి నేను ఆ దుకాణం గద్దె మీద కూర్చున్నాను. నాకు నిక్కరు గుడ్డ, అమ్మకు చీర, పండుగకు అత్తగారింటి నుంచి వచ్చిన మేనత్తకు ఇంకో చీర. మా నాయన ధర అడగలేదు. సేటు చెప్పనూ లేదు. పుస్తకంలో రాసుకున్నాడు. సంక్రాంతి దాటాక పత్తి అమ్మి కట్టాలె. ఆలస్యమైతే వడ్డీ అని ఎవరూ అనరు గాని, వచ్చే దసరాకు చీర ధరలోనే అది కలిసిపోయి ఉంటుంది. ఇందులో గొప్ప ఔదార్యముందని నేను అనను. వడ్డీ అడగనివాడు వడ్డీ తీసుకోలేదని కాదు. అయితే ఆ అప్పులో ఒక గుణముంది. పంట పోయిన ఏడు సేటు కూడా మునిగేవాడు. రైతు కష్టంలో దుకాణానికీ వాటా ఉండేది. ఈ రోజు నాలుగంతస్తుల మాల్‌లో కార్డు గీకించి, నెలనెలా కిస్తీ కట్టించుకునే బ్యాంకుకు ఏ చేనులో గులాబీ పురుగు పడిందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇప్పుడు బతుకమ్మ. నేను చెప్పదలచుకున్న దానికి ఇదే గుండెకాయ, అందుకని కొంచెం నిదానంగా పోతాను.

ఒక బతుకమ్మ ఖర్చు రాయండి చూద్దాం. గునుగు చేనుగట్ల మీద మొలిచే కలుపు. తంగేడు గుట్టల మీద ఎవరూ నాటని పొద. కట్ల పూలు కంచె మీద, గుమ్మడిపూలు పెంట పక్కన పాదు మీద. బంతి ఇంటి ముందు. తాంబాలం పెండ్లినాటిది. సత్తుపిండికి నువ్వులు, పల్లీలు, మక్కలు ఇంట్లోవే. బజారులో కొనేది కుంకుమ, అగరుబత్తులు, గునుగుకు అద్దే రంగు, అంతే. మిగిలిందంతా పని. పొద్దున లేచి పూలకు పోయేవాడు పిల్లవాడు, కట్టలు కట్టేది, పేర్చేది, ఎత్తేది, ఆడేది, పాడేది ఆడవాళ్లు. ఈ పనికి కూలి కడితే ఎంతవుతుందో జిల్లా ఆదాయం లెక్కల్లో ఎక్కడా దొరకదు. ఎవరూ కట్టలేదు గనక. అంటే ఈ ఊరేగింపుకు పెట్టుబడిదారు నడిచే మనిషే. అందుకే అది ఎవరి దుకాణం ముందూ ఆగదు. చెరువు దగ్గర ఆగుతుంది. పూలు నీళ్లలో పోతాయి, పసుపు గౌరమ్మ నుంచి కాస్త తీసి పుస్తెలకు అద్దుకుంటారు, మలీద ముద్దలు పంచుకుంటారు, చీకట్లో ఇంటికొస్తారు. ఊరేగింపు చివర అమ్మడానికి ఏమీ మిగలదు.

ఇది మారడం నా కండ్ల ముందే జరిగింది. ముందు పూలు మారాయి. పత్తిచేలల్లో, మక్కచేలల్లో గడ్డిమందు కొట్టడం పెరిగాక గునుగు సన్నగిల్లింది. ఊరి చుట్టూ గుట్టలు ప్లాట్లయ్యాక తంగేడు పోయింది. ఇప్పుడు సద్దులకు ముందురోజు పట్నాల చౌరస్తాల్లో గునుగు కట్టలు, తంగేడు కట్టలు పేర్చి అమ్ముతారు. ఊరికే దొరికేది సరుకయింది. అమ్మేవాళ్లు ఎక్కువగా పేద ఆడవాళ్లే, ఒక్క రోజుకైనా నాలుగు పైసలు కళ్లజూస్తారు, దాన్ని తప్పుపట్టను. తర్వాత వెలుగు మారింది. 2014లో రాష్ట్రం రాగానే బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. మంచిదే. చెరువు కట్టలకు లైట్లొచ్చాయి, మెట్లొచ్చాయి, మైకొచ్చింది, మైకుతోపాటు వేదికొచ్చింది, వేదిక ఉన్నాక దానికి వెనక గుడ్డ కావాలి, గుడ్డ మీద ఎవరి పేరుండాలి? అక్కడ మొదలైంది.

2017 నుంచి ప్రభుత్వమే చీరల దుకాణమైంది. కోటికి పైగా చీరలు. సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరకాలన్నది ఉద్దేశం. తొలి ఏడు వ్యవధి చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెచ్చారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలు కుప్పపోసి తగలబెట్టారు కూడా. తర్వాతి ఏండ్లలో ఖర్చు 300 కోట్లు దాటింది, నేత సిరిసిల్లలోనే సాగింది, డిజైన్లు మెరుగయ్యాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. సిరిసిల్ల మగ్గాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి. తర్వాత వేరే పేరుతో మహిళా సంఘాల చీరలకు ఆర్డర్లు వెళ్లాయి. ఈ కథలో ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో అన్నది ఎన్నికల సభల పని. నాకు కనబడింది వేరు. ఏటా వచ్చే ఒక్క పెద్ద ఆర్డరు మీద ఒక ఊరు మొత్తం ఆధారపడితే, ఆ ఒక్క కొనుగోలుదారు మనసు మారినప్పుడు ఊరు పస్తుంటుంది. మేసీస్ బొమ్మలు చేసేవాళ్లకయినా, సిరిసిల్ల సాంచాలు నడిపేవాళ్లకయినా ఇది ఒకటే. చీర కట్టుకునే ఆమెకు మాత్రం బతుకమ్మ ఆడటానికి ఆ చీర అవసరం లేదు. అంతకు ముందూ ఆడింది, తర్వాతా ఆడింది.

దుకాణాలు కూడా వచ్చాయి. ఇప్పుడు పట్నంలో సద్దులకు నాలుగైదు రోజుల ముందే షాపింగ్ మాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు, బడులు ఎవరికి వాళ్లు బతుకమ్మ పెట్టుకుంటున్నారు. పెద్ద బతుకమ్మకు బహుమతి, బాగా ఆడినామెకు చీర. బహుమతి పెట్టగానే బతుకమ్మ ఎత్తు పెరుగుతుంది, లోపల థర్మకోల్ గూడు వస్తుంది. థర్మకోల్ వచ్చాక చెరువులో వెయ్యలేం. వెయ్యలేకపోతే చెరువు దాకా పోయే పనేముంది? మాల్ ముందు పార్కింగ్‌లోనే ఆగుతుంది. ఎవరూ కుట్రచేసి దారి మార్చలేదు. బహుమతి ఎక్కడుందో కాళ్లు అక్కడికి పోయాయి.

అంతమాత్రాన దుకాణం పేరు పడ్డ పండుగలన్నీ చెడిపోయాయనీ, చందాల పండుగలన్నీ పవిత్రమనీ అనుకోకండి. మన వినాయక మండపాల చందా రసీదు పుస్తకం ఎంత మృదువుగా అడుగుతుందో, ఎంత గట్టిగా అడుగుతుందో ప్రతి కిరాణం సేటుకూ తెలుసు. అయితే మన యువకులు కనిపెట్టిన ఒక పద్ధతికి మాత్రం నేను ముచ్చటపడతాను. లడ్డూ వేలం. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు మొదలైంది. 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. బండ్లగూడలో ఒక విల్లాల కాలనీలో 2025లో 2 కోట్ల 32 లక్షలు. దేవుడి చేతిలోని లడ్డూకు టికెట్ పెట్టలేం, కాని నిమజ్జనం పొద్దున ఒక్క లడ్డూకు పేరు అమ్మవచ్చు. దీపస్తంభం దగ్గర అడగలేని పైసలు రేవులో అడిగినట్టే. ఇప్పుడు జనగామ గల్లీల్లో, తొర్రూరు గల్లీల్లో కూడా ఈ వేలం ఉంది. పేరు కొన్నవాడు పేరు తీసుకుపోతాడు, ఊరేగింపు దారి మాత్రం మారదు. ఆ డబ్బుతో బడో, బోరో, గుడో బాగుపడ్డ ఊళ్లున్నాయి. డీజే పెట్టెలకే పోయిన ఊళ్లూ ఉన్నాయి.

ఊరేగింపులకు సరుకు చేసి బతికేవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారని కూడా ఇక్కడే చెప్పాలి. పెంబర్తి ఇక్కడికి కూతవేటు దూరం. ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మ తేల్చే విశ్వకర్మల ఊరు. రథాల తొడుగులు, వాహనాలు, మకరతోరణాలు, కవచాలు వాళ్ల చేతుల మీదుగా వచ్చినవే. కాకతీయుల కాలం పని అంటారు. నిజాం రోజుల్లో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేశారు, ఇప్పుడు సభల్లో ఇచ్చే మెమెంటోలు చేస్తున్నారు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క రథానికి రేకు తొడిగితే ఒక ఇంటికి నెలల తరబడి పని. ఫ్లెక్సీ ఒక్క గంటలో అచ్చవుతుంది, మూడు రోజుల్లో చిరుగుతుంది, డ్రైనేజీలో తేలుతుంది. ఊళ్లన్నీ కలిసి ఒక ఏడాది స్వాగత తోరణాల ఫ్లెక్సీలకు పెట్టే పైసల్లో కొంత పెంబర్తి దారి పట్టినా ఆ సుత్తి చప్పుడు ఇంకో తరం వినబడుతుంది. అట్లాగే చిందు యక్షగానం. ఈ జిల్లావాడే గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందువాళ్లకు మాదిగవాడల్లో మిరాశీ హక్కు ఉండేది. ఏ ఊరు ఎవరిదో, ఏ ఇల్లు ఎంతివ్వాలో కట్టుబాటు. పేదలు పేదకళాకారులను పోషించిన స్పాన్సర్‌షిప్ అది. దానికి బోర్డు లేదు.

ఇక అడవి దారి.

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో పూనుగొండ్ల ఉంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు ఊరు. మేడారం జాతర వచ్చినప్పుడు పెనక వంశంవాళ్లు పగిడిద్దరాజు పడిగెను ఎత్తుకుని అక్కడి నుంచి కాలినడకన బయలుదేరుతారు. డెబ్బయి కిలోమీటర్లకు అటూఇటూగా అడవి తొవ్వ. డోలు, కొమ్ముబూర, దారిలో ఊరూరా నీళ్లారబోత. రాత్రి మధ్యలో ఒక ఊళ్లో విడిది. బుధవారం నాటికి మేడారం చేరాలె. అదే రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం చిలుకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది, కుంకుమ భరిణె రూపంలో. ఆమె దిగేటప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి వందనం చేస్తాడు. రాజ్యానికి ఎదురు తిరిగి పోయిన తల్లికి రాజ్యమే తుపాకి పేల్చి మర్యాద చేయడం. దీన్ని మించిన ఊరేగింపు నేను చూడలేదు.

1996లో దీన్ని రాష్ట్ర పండుగ చేశారు. జిల్లాలు విడదీసినప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలో పడింది, 2019 ఫిబ్రవరిలో ములుగుకు పోయింది. తిరుగు ప్రయాణాల బండ్లను ఇప్పటికీ బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపే వదులుతారు. ఆ నాలుగు రోజులు ఆ రోడ్డు పక్క టీకొట్టు గిరాకీ చూస్తే ఎవరి జిల్లా అన్నది ఎవరికి పట్టింది?

లెక్క చూడండి. 2020, 2022 జాతరలకు ప్రభుత్వం 75 కోట్ల చొప్పున ఇచ్చింది. 2024లో ఆర్టీసీ 6 వేల బస్సులు నడిపింది. అందులో మహిళలకు టికెట్ లేదు. ఆ ఏడు హుండీల్లో వచ్చింది 13 కోట్లు దాటింది. అందులో మూడో వంతు పూజారులకు. పెట్టింది ఎక్కువ, గద్దెల దగ్గర రాలింది తక్కువ. కంపెనీ బాలెన్స్ షీటయితే మూసెయ్యమంటారు. కానీ పైసలు గద్దె దగ్గర రాలవు, దారి పొడుగునా రాలుతాయి. నిలువెత్తు బంగారమని తూకమేసి మొక్కే బెల్లం, కొబ్బరికాయ, కోడి, మేక, ఎదురుకోళ్లు, ఒడిబియ్యానికి జాకెట్ ముక్క, జంపన్న వాగు పక్క గుడారం అద్దె, ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్లు. బెల్లం ఏ మిల్లుదో, జాకెట్ ముక్క ఏ ఊరిదో తల్లికి పట్టింపు లేదు. మాఘంలో వస్తుంది ఈ జాతర. అప్పటికి వానకాలం వడ్లు, పత్తి అమ్ముడై చేతిలో నాలుగు రూపాయలుంటాయి. దసరా ఉద్దెర పండుగైతే, మేడారం నగదు పండుగ. అందుకే కోటి మంది అనే మాట నమ్మదగ్గట్టే ఉంటుంది.

దుకాణాలు ఇక్కడికీ వచ్చాయి. దారి పొడుగునా శీతల పానీయాల తోరణాలు, సెల్‌ఫోన్ కంపెనీల గొడుగులు. అయినా ఇన్నేండ్లలో ఏ కంపెనీ కూడా సమ్మక్క వచ్చే దారిని ఒక్క మూర తన వైపు తిప్పుకోలేకపోయింది. దారి పూజారులైన వడ్డెలది. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో వాళ్లే చెప్పాలి. మంత్రి కూడా ఆగాల్సిందే. నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్న టొరంటో సంగతి ఇక్కడ పనికొస్తుంది. అక్కడ దుకాణం చచ్చిపోయినా ఊరేగింపు బతికింది, ఎందుకంటే ఊరివాళ్లు ఎత్తుకున్నారు. పూనుగొండ్లలో ఎత్తుకోవాల్సిన అవసరమే రాలేదు. మొదటి నుంచీ వాళ్ల భుజం మీదే ఉంది. ఖర్చు ఎవరు పెట్టినా సరే, దారి ఎవరి చేతిలో ఉందన్నది అసలు హక్కు. బతుకమ్మకు ఆ హక్కు కాగితం మీద ఎవరి పేరునా లేదు. వీధి వీధిలో ఆడవాళ్ల మధ్య ఉన్న ఒప్పందమే దాని పట్టా. అందుకే అది తేలికగా చేతులు మారుతోంది.

వర్తకులు ఖర్చు పెట్టొద్దంటావా అని అడుగుతారు. పెట్టాలె. చెరువు కట్టల దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండడం అరుదు. తొమ్మిది రోజుల పండుగలో సగం జనాభా సాయంత్రమంతా నిలబడే చోట అది ఎవరికీ కనబడని ఖర్చు గనక ఎవరూ పెట్టరు. బోర్డు పెట్టడానికి చోటు లేని ఖర్చు. నీళ్ల ట్యాంకరు, తెల్లారి పూలు తీసే మున్సిపల్ కార్మికుల ఓవర్‌టైం, తప్పిపోయిన పిల్లల కోసం ఒక మైకు. న్యూయార్క్‌లో కూడా వీధులు ఊడ్చేది, పోలీసులను నిలబెట్టేది నగరమే. బొమ్మ మీద మాత్రం దుకాణం పేరు.

చివరగా, పేరు వద్దన్న ఆ పెద్దమనిషి దుకాణం సంగతి ఒకటి చెప్పి దిగుతాను. ఆయన కొడుకు చెప్పింది ఇది. సద్దుల నాటి సాయంత్రం బట్టల దుకాణానికి ఏడాదిలో అతి పెద్ద గంట. మర్చిపోయినవాళ్లు, ఆఖరి నిమిషం చీరలవాళ్లు, పట్నం నుంచి అప్పుడే బస్సు దిగిన అల్లుళ్లు, అందరూ ఆ గంటలోనే వస్తారు. ఆయన దుకాణంలో ముగ్గురు ఆడవాళ్లు పనిచేసేవాళ్లు, ఒకామె బట్టలు మడతపెట్టేది, ఇద్దరు జాకెట్లు కుట్టేవాళ్లు. సద్దులనాడు నాలుగున్నరకల్లా ఆయన షట్టరు దింపేవాడు. బయట నిలబడి గిరాకీ తిట్టుకునేది, పక్క దుకాణంవాడు నవ్వేవాడు. కొడుకు ఒకసారి అడిగితే, "ఆళ్లు బతుకమ్మలు పేర్చుకోవద్దా?" అన్నాడట. ఆ గంట అమ్మకం ఎంత పోయిందో పద్దు పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నేను వెతికాను. ప్రతి దసరా నెలలోనూ ఆ రోజు తేదీ కింద సాయంత్రం పద్దు ఖాళీగా ఉంది.